నునుపుగారి చివరి రుద్దుడు

ఆ ప్రయోగశాలలో గాజు సానపట్టే ఆయన్ని అందరూ నునుపుగారనే పిలుస్తారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేసిన ఏ గాజూ ఎవరి వేలూ కోయలేదు. పని పూర్తయ్యాక సానపొడి అద్దిన గుడ్డతో ఒక్క రుద్దుడు రుద్ది, పదును చంపేస్తేగానీ ఆయన ప్రాణం కుదుటపడదు.

ఈ జబ్బు ఇంటికీ పాకింది. బల్లల మూలలన్నీ గుండ్రంగా తిరిగిపోయాయి. కత్తెర మొన, చాకు అంచు మొద్దుబారాయి. "మా ఇంట్లో టమాటా కోయాలంటే ముందు దాన్ని బతిమాలుకోవాలి" అని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

అలాంటి మనిషిని, వెలుగు మీద పరిశోధన చేసే మేడమ్ శంకువులాంటి గాజు చేసిమ్మంది. టార్చిలైటు వెలుగు దూరం పోయేకొద్దీ పరుచుకుంటుంది కదా. లేజర్ వెలుగూ అంతే, కాకపోతే నిదానంగా. ఈ గాజులోంచి పంపితే మాత్రం మధ్యలో పడే వెలుగుబొట్టు గది ఆ చివరిదాకా సన్నగా, చెక్కుచెదరకుండా వెళ్తుందట. షరతు ఒక్కటే, మొన సూదిలా ఉండాలి.

మొదటి గాజుతో గోడ మీద వెలుగు నలిగిన బొట్టులా పడింది. మేడమ్ భూతద్దంలో చూసింది.

"నునుపుగారూ, మొన ఏదండీ?"

"ఇందాకటిదాకా ఉంది మేడమ్" అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

రెండోదీ అంతే. వద్దు వద్దనుకుంటుండగానే చెయ్యి తన పని తాను చేసేసింది.

"ఇంకొక్క గాజుదిమ్మే ఉంది" అంది మేడమ్ నసుగుతూ. "ఇదీ పోతే బయటనుంచి తెప్పించుకోమంటున్నారు పైవాళ్ళు. ఇక సానగది దేనికని మూసేస్తారు."

ఆ సానచక్రం చప్పుడు లేకుండా పొద్దు ఎలా గడపాలో ఆయనకి నిజంగానే తెలీదు.

ఇంటికెళ్ళి సంగతంతా కక్కేశాడు. "రేపు నేనూ వస్తా" అంది భార్య.

"నువ్వొచ్చి ఏం చేస్తావే?"

"మీ చెయ్యి సంగతి మీకన్నా నాకే ఎక్కువ తెలుసు."

మర్నాడు మేడమ్‌ని ఒప్పించి, చక్రం పక్కనే స్టూలేసుకు కూర్చుంది. మధ్యాహ్నానికి చక్రం ఆగింది. మొన తళుక్కుమంది. ఎంత బాగా కుదిరిందో అని ఆయన మురిసిపోతుండగానే కుడిచెయ్యి గుడ్డవైపు బయల్దేరింది. ఆవిడ లటుక్కున పట్టుకుంది.

"నేనేం చెయ్యలేదే!"

"ఇంకా చెయ్యలేదు" అంది. మేడమ్ వచ్చి గాజు తీసుకునేదాకా వదల్లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ తన చెయ్యి ఇంతసేపు పట్టుకోలేదని గుర్తొచ్చి ఆయనకి సిగ్గేసింది.

గదిలో దీపాలార్పి, ఆ గాజులోంచి లేజర్ వదిలారు. తెల్లకాగితం మీద ఆవగింజంత ఎర్రటి బొట్టు పడింది. మేడమ్ కాగితం పట్టుకుని వెనక్కి నడిచింది. గోడదాకా వెళ్ళినా బొట్టు ఆవగింజంతే ఉంది. సానగది నిలిచింది.

"ఇంకోటి చూడండి" అంటూ మేడమ్ ఒక సూదిని వెలుగుకి అడ్డంగా నిలబెట్టింది. సూది వెనకాల కాస్త దూరం బొట్టు చెదిరిపోయింది. కాగితం ఇంకా వెనక్కి జరిపితే మళ్ళీ కూడుకుని, ఏమీ ఎరగనట్టు దాని మీద కూర్చుంది.

"అడ్డం పెట్టినా దాని దారిన అది పోయింది చూశారా" అంది భార్య. "మీరైతే అక్కడే ఆగి, ముందా సూది మొన అరగదీసేవారు."

మేడమ్ పకపకా నవ్వింది. నునుపుగారు మాత్రం నవ్వలేదు. ఆయన జేబులోంచి గుడ్డ అప్పటికే సగం బయటికొచ్చింది.

"మేడమ్, అది గుచ్చుకుంటుందేమో... ఒక్కసారి ఇలా ఇస్తారా?"