జేబులో అగ్గిపెట్టె

మా ఆఫీసు గేటు ముందు చాయ్ బండి దగ్గర ఎవరైనా బీడీ ముట్టిస్తే పక్కవాళ్లు ముక్కు మూసుకుని జరుగుతారు. నేను, సిగరెట్టు కూడా ఎరగని మనిషిని, ఇంకో చాయ్ చెప్పి అక్కడే నిలబడతాను. ఊపిరితిత్తులకు ఇది మంచిది కాదని తెలుసు. కానీ ఆ వాసనతో మొగుడంపల్లి దగ్గరి మా చెరుకు చేను, తడిసిన ఎర్రమన్ను, అల్లం తవ్వొచ్చిన చేతులు, మా తాత తెల్లచొక్కా, అన్నీ ఒక్కసారే వచ్చి పక్కన కూర్చుంటాయి.

తాత వయసులో ఉన్నప్పుడు చెరుకు కొట్టేచోట బీడీ తాగేవాడు కాసేపు కూర్చోవచ్చట, తాగనివాడు కూర్చుంటే పనిదొంగట. అట్లా కూర్చోవడం కోసం మొదలైన బీడీ, నేను పుట్టేసరికి మాట్లాడటానికి పనికొస్తోంది. ఎందుకంటే తాతకూ ఆయన తమ్ముడు చిన్నతాతకూ, రెండు చేన్ల నడుమ ఒడ్డు, అంటే గట్టు, ఎవరిదన్న పంచాయితీ వచ్చి మాటలు బందయ్యాయి. ఆ ఒడ్డు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు. కొట్లాటకు మాత్రం అంత చోటు చాలింది. అయితే పగవాడైనా సరే, అగ్గి అడిగితే లేదనకూడదని మా దిక్కు పద్ధతి. రోజూ పొద్దుగూకే వేళ తాత ఒడ్డెక్కేవాడు.

“అగ్గి ఉన్నదా?”

“ఉన్నది.”

అంతే. చెరో దిక్కు చూస్తూ, బీడీలు అయిపోయేదాకా నిలబడేవాళ్లు. నడిచేటప్పుడు తాత జేబులో అగ్గిపెట్టె గలగలమనేది. నాకు వినిపించేది, చిన్నతాతకూ వినిపించేది. అయినా చిన్నతాత రోజూ తన అగ్గిపెట్టె తీసి ఇచ్చేవాడు.

తర్వాత తాతకు దగ్గు పట్టుకుంది. బీడీ మానకపోతే తన దగ్గరికి రావద్దన్నాడు దవాఖానలో డాక్టరు. అవ్వ, అంటే మా నాయనమ్మ, బీడీ కట్టలన్నీ పొయ్యిలో వేసి ఇంటిల్లిపాదినీ దగ్గించింది. తాత లవంగాలు నమిలాడు, సోంపు నమిలాడు, పుట్నాలు బుక్కాడు. ఇంట్లో ఉన్నంతసేపూ బుద్ధిమంతుడే, చేనుకు పోయొస్తే మళ్లీ అదే వాసన. “జర మనసు గట్టిగ చేసుకోరాదు?” అని అవ్వ తిట్టేది. మనసుదేం తప్పు లేదు. ఒడ్డు మీద ఖాళీ చేతులతో నిలబడి తమ్ముణ్ని ఏమని పిలవాలి?

చివరికి చేనుకు పోవడమే మానేశాడు. దగ్గు తగ్గింది. మనిషీ తగ్గాడు.

చలికాలంలో ఎల్లమాస వచ్చింది. ఆ అమావాస్యకు మా జహీరాబాద్ దిక్కు అందరూ చేనులోనే తినాలి కాబట్టి తాత రాక తప్పలేదు. పచ్చి శనగలు, అనపగింజలు, దొరికిన ఆకుకూరలన్నీ వేసి చింతపులుసుతో ఉడికించిన భజ్జి, మీద నువ్వులద్దిన సజ్జరొట్టెలు. ఒడ్డుకు ఇవతల మేము, అవతల చిన్నతాతవాళ్లు, అదే భజ్జిని ఒకరికొకరు వీపులు చూపించుకుంటూ తింటున్నాం. అప్పుడు చిన్నతాత లేచి, వెలుగుతున్న బీడీతో ఒడ్డు దాకా వచ్చాడు.

“అగ్గి అడుగుతలేవేందన్నా ఈ నడుమ?”

“డాక్టర్ బంద్ చెయ్యమన్నడు. దమ్మొస్తున్నది.”

చిన్నతాత బీడీని చెప్పు కింద నలిపేశాడు. కాసేపు ఒడ్డును చూశాడు, అక్కడ చూడటానికేమీ లేకపోయినా.

“మరి... ఉప్పు ఉన్నదా?”

ఆయన వెనకాలే, వాళ్లు పరుచుకున్న దుప్పటి మీద, ఉప్పు డబ్బా మూత తీసే ఉంది. మేమంతా చూశాం.

“ఉన్నది,” అన్నాడు తాత, మా ఉప్పు పొట్లం పట్టుకుని ఒడ్డెక్కుతూ.

ఆ తర్వాత తాత రోజూ చేనుకు పోయాడు, బీడీ ముట్టలేదు. అన్నదమ్ములిద్దరూ ఉప్పు, సున్నం, కొడవలి ఒకరినొకరు అడుగుతూనే బతికారు. ఒడ్డు పంచాయితీ మాత్రం తెగలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఒడ్డూ లేదు, అక్కడ ప్లాట్ల రాళ్లు పాతారు. చాయ్ బండి దగ్గర ఒకరినొకరు అగ్గి అడుగుతుంటే, అడిగినవాడి జేబు వైపు చెవి పెడతాను. లాభం లేదు. అందరివీ లైటర్లే, చప్పుడు చేయవు.