శుక్రవారం కీచుమనే బ్రేకు

విడిభాగాలు ఒక్కొక్కటే తెప్పించుకుని, చవకలో ఒక కార్బన్ మౌంటెన్ బైకు నేనే బిగించుకున్నాను. నెల నుంచి దాని వెనక బ్రేకు ప్రతి శుక్రవారం కీచుమని అరుస్తోంది, సరిగ్గా పడటం లేదు. ప్యాడ్లు మార్చాను, బ్రేకు ఆయిలూ మార్చాను. బ్రేకు పట్టే చక్రం డిస్కు మీద ఎర్రటి పొడి కనిపిస్తే అది తుప్పని తేల్చి, కరీంనగర్ గాలిలో తేమ గురించి మా సైకిల్ గ్రూపులో పెద్ద వ్యాసమే రాశాను. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఈ శుక్రవారం పొద్దున్నే లేచి చూస్తే, మా అవ్వ ఆ డిస్కుకు నూనె రాసి కుంకుమ బొట్టు పెడుతోంది.

"అవ్వా, గక్కడెందుకు పెడ్తున్నవ్?"

"సైకిలంత బొగ్గులెక్క నల్లగున్నది. గీ పళ్ళెం ఒక్కటే మెరుస్తున్నది, బొట్టు మంచిగ కనవడ్తది."

"గందుకే బ్రేకు పడ్తలేదు! పోయిన వారం నిర్మల్ ఘాట్ దిగంగ జరైతె సచ్చేటోన్ని!"

"ఏం గాలే గదా? గా బొట్టు ఎందుకనుకున్నవ్ మరి?"

కుంకుమను తుప్పనుకున్న మేధావిని నేనే. అవ్వ ప్రశ్నకు మీకెవరికైనా జవాబు తోస్తే చెప్పండి. డిస్కు శుభ్రంగా తుడిచేశాను. రేపు మళ్ళీ ఘాట్‌కు పోవాలి, బొట్టు లేకుండా దిగాలంటే ఇప్పుడు భయమేస్తోంది.