ఒంటిని పట్టుకోని బట్ట

గురువారం పొద్దున్న మధురవాడలో ఆఫీసు మెట్లెక్కుతుంటే బావ ఫోన్ చేశాడు. "మీ అప్ప పోనాదమ్మా" అన్నాడు, అంతే. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు తోడబుట్టింది కాదు, మా వీధి చివర టైలరు. బావ ఆవిడ భర్త.

నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. తనని ఏ బట్టల్లో సాగనంపాలో అప్ప నాకు చెప్పి, మాట తీసుకుంది. ఆ బట్టలు నా బీరువాలోనే ఉన్నాయి.

డిగ్రీ చదివే రోజుల్లో ఫోన్‌లో కొన్ని ఫొటోలు చూసి మతి పోగొట్టుకున్నాను. జపాన్‌లో కొందరు అమ్మాయిలు అడవిలో కాపురముండేవాళ్ళలా తయారై వీధుల్లో తిరిగేవారట. వదులు గౌను, దాని మీద ఇంకో పొర, లేసు అంచులు, మట్టి రంగు, నాచు రంగు, ఎండుటాకు రంగు. మోరి అంటారు దాన్ని, వాళ్ళ భాషలో అడవి అని. అక్కడ ఆ మోజు తగ్గి చాలా కాలమైందని తరవాత తెలిసింది. నాకేమో అప్పుడే మొదలైంది.

అప్ప ఆ ఫొటో చూసి, కుట్టినవాళ్ళకి పని రాదని తేల్చేసింది. వారం తరవాత ఇచ్చిన గౌను నా ఒంటికి జాకెట్టులా అతుక్కుపోయింది. ఒంటికి బిగిసేలా నాలుగు డాట్లు మడిచి కుట్టి, నడుం దగ్గర లాగి, జపాన్ టైలరు తప్పులన్నీ శ్రద్ధగా దిద్దింది. నేను గొడవపడ్డాను. ఆవిడా తగ్గలేదు.

"సంచీలాగ కుట్టిత్తే నా పేరేటవుద్ది? ఫిటింగు రాదంతారు."

అయినా మర్నాడు కుట్లన్నీ విప్పేసింది. నన్ను తొడుక్కోమంది, నడవమంది, కూర్చోమంది, చేతులెత్తమంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేది కాబట్టి ఆవిడ మాటలు సగం అర్థమయ్యేవి కావు. ఆ రోజు సూదులు తీసి మరీ చెప్పింది, బట్ట ఒంటికి తగలాలి గాని పట్టుకోకూడదని. ఆ తరవాత ఎవరు ఏం కుట్టించుకున్నా అదే మాట.

వాడి వాడి మెత్తబడ్డ నేత చీరలు సేకరించేది. టీ డికాషన్లో ముంచి, దానిమ్మ తొక్కలు మరిగించి రంగులు తెప్పించేది. వాటితో కుట్టిన గౌన్ల కోసం కంప్యూటర్ ఆఫీసుల పిల్లలు స్కూటీలేసుకుని వచ్చేవారు. అడివి గౌన్ల అప్ప అని పేరు పడిపోయింది. తను మాత్రం ఎప్పుడూ నైటీ, దాని మీద తువ్వాలు. నీకూ ఒకటి కుట్టుకోరాదా అంటే, ఈ వయసులో నాకేటి అడివి అని నవ్వేసేది.

రెండేళ్ళ కిందట రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ చేసి ఒక పక్క పూర్తిగా తీసేశారు. ఓ పెళ్ళికి వెళ్ళాల్సి వస్తే ఆవిడ వదిన, అంటే అన్న భార్య, జాకెట్టులో గుడ్డ మడిచి పెట్టుకోమంది. నలుగురూ చూస్తారని. అప్ప పెట్టుకునే వెళ్ళింది. ఇంటికొచ్చి ఆ గుడ్డ తీసి చెత్తబుట్టలో పడేసింది.

"లేనిదాన్ని ఉన్నట్టు నానెందుకు సూపించాల? ఊపిరాడక సచ్చాను."

ఆ వారమే పొందూరు ఖద్దరు తెప్పించి తనకి తను గౌను కుట్టుకుంది. మూడు పొరలు, నాచు రంగు, ఎక్కడా ఒక్క డాటు లేదు. అది వేసుకుని నా స్కూటీ వెనక రుషికొండ వచ్చింది. జనం చూశారు. చూడనీ అని ఇసుకలో చాలా దూరం నడిచింది. ఇంత సుఖం ఇన్నాళ్ళూ మీకే కుట్టిపెట్టానా అంది. జబ్బుపడ్డ మనిషి అంత హాయిగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఒక మధ్యాహ్నం ఆ గౌను ఉతికి, ఇస్త్రీ చేయించి నా చేతిలో పెట్టింది.

"నన్ను ఇందులోనే పంపు. జాకెట్టు తొడగనీకు. మావోలు నా మాట ఇంతారో లేదో తెల్దు. నువ్వు మాత్రం సెప్పు."

చెప్తానన్నాను.

గురువారం ఆ గౌను సంచిలో పెట్టుకుని వెళ్ళాను. అప్పని హాల్లో పడుకోబెట్టారు. అప్ప పుట్టింటి తరఫున వదిన ఆనందపురం నుంచి పట్టుచీర తెచ్చింది. ముత్తైదువుగా పోయింది కదా, పసుపు రాశారు, పెద్ద బొట్టు పెట్టారు. మగవాళ్ళని బయటికి పంపి తలుపు వేశారు. తొడిగింది ఆపరేషన్‌కి ముందు కుట్టుకున్న జాకెట్టు. ఒక పక్క ఖాళీగా జారిపోయింది. దగ్గర్లో ఉన్నదాన్ని నేనే. వదిన నావైపు తిరిగి, మెత్తటి గుడ్డేదైనా ఉంటే ఇవ్వమని నెమ్మదిగా అడిగింది.

సంచి నా భుజానే ఉంది. చెప్పాల్సింది అప్పుడే అని నాకు తెలుసు. గది నిండా పెద్దవాళ్ళు, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. పెద్ద పెద్ద మీటింగుల్లో గొంతెత్తేదాన్ని, నాలుగు ముక్కలు పెగల్లేదు. మెడలో చున్నీ తీసి ఇచ్చాను.

ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపల సర్ది, హుక్కులు పెట్టి, పైట బిగించి పిన్ను గుచ్చింది. ఇప్పుడు నిండుగా ఉందని ఎవరో అన్నారు. తలుపు తీశారు. రెండు పక్కలా సమానంగా, నా చున్నీతో, అప్ప వెళ్ళిపోయింది.