పోలండ్ వెళ్లొచ్చిన పిల్లకి గెడ్డ దాటే దారి లేదు

మీరు నడిచిన వంతెన మీద నుంచి మా మేనకోడలిని పోనివ్వలేదు.

అవును, మిమ్మల్నే అంటున్నాను. పోయిన చలికాలం మీరు అరకు వచ్చారు. వలిసె పూలలో నిలబడి ఫొటో దిగారు. బొంగులో చికెన్ తిన్నారు. కొండ కింద రిసార్టులో గది తీసుకున్నారు. ఆ రిసార్టు వాళ్లు గెడ్డ మీద, అంటే కొండవాగు మీద, వేసుకున్న ఇనప వంతెన ఎక్కి, అది కాస్త ఊగితే నవ్వుకుని, వీడియో తీసుకున్నారు. వంతెన అవతలి చివర ఒక గేటుంది, దానికి తాళం ఉంది. ఆ తాళం ఎవరికోసమని మీలో ఒక్కరూ అడగలేదు. గేటుకి అవతల మా అక్క వాళ్ల ఊరు ఉంది.

ఆగస్టు వానల్లో ఒక ఉదయం మా బావ ఫోను చేశాడు. వాళ్ల ఊళ్లో సిగ్నలు ఉండదు. బావ ఫోను మోగిందంటే ఆయన గెడ్డ దాటి ఇవతలికి వచ్చాడన్నమాట. ఇంత వానలో ఎలా దాటాడా అని ఆశ్చర్యపోతూనే ఎత్తాను. "గుంట మనకి నేదురా" అన్నాడు.

ఆ గుంటకి, అంటే మా మేనకోడలికి, పాతికేళ్లు కూడా నిండలేదు. హుకుంపేట మండలంలో, కొండ మీద పట్టుమని పాతిక ఇళ్లు లేని ఊరు వాళ్లది. ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖపట్నంలో పై చదువులకి చేరి, అక్కణ్ణుంచి ఒక ఏడాది పోలండ్ వెళ్లింది, ఎక్స్చేంజి స్టూడెంటుగా. అంటే ఇక్కడి యూనివర్సిటీ ఒకరిని అక్కడికి పంపితే, అక్కడివాళ్లు ఒకరిని ఇక్కడికి పంపుతారు. ఈ మాట మా అక్కకి చెప్పినప్పుడు ఆమె కాసేపు ఆలోచించి, "అయితే కుండమార్పిడి సమ్మందమే కదరా" అంది. "మరి ఆళ్ల గుంటని మనింటికే అంపుతారా? ఎక్కడ పడుకోబెడదాం?" నేను నవ్వాను. అక్క నవ్వలేదు. మా మేనకోడలు వెళ్లిన వారానికి అటక కింద మూల ఖాళీ చేసి, అలికి, కొత్త చాప ఒకటి చుట్టి పెట్టింది. ఏడాదంతా ఆ మూల అలాగే ఉంది. పోలండ్ నుంచి ఎవరూ రాలేదు. వచ్చినా గెడ్డ దాటగలిగేవాళ్లు కాదు.

అక్కడికెళ్లిన కొత్తలో జరిగిన ఒక సంగతి మా మేనకోడలు ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు పుట్టేది కాదు. హాస్టల్లో ఆమెతో ఒకే వంటగది పంచుకునేవాళ్లు ఇద్దరు. ఒకరు టర్కీ అమ్మాయి, ఇంకొకరు స్పెయిన్ కుర్రాడు. ఒక ఆదివారం ముగ్గురూ రైలెక్కి యాపిల్ తోట చూడ్డానికి వెళ్లారు. అక్కడ కోసుకున్నన్ని కోసుకుని తినొచ్చు. వాళ్లిద్దరూ చెట్టు కిందే తినడం మొదలుపెట్టారు. ఈమె బుట్ట నిండా కోసింది గానీ ఒక్క ముక్క నోట్లో పెట్టలేదు. ఎందుకని అడిగితే, "ఇంకా కొత్త కాలేదు" అన్న ముక్కని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆమెకి తోచలేదు. కాయలు పండలేదనుకుని స్పెయిన్ కుర్రాడు ఇంకా ఎర్రటివి ఏరి తెచ్చిచ్చాడు.

మా కొండల్లో ఏ పంటైనా సరే, కొత్త పండగ చేశాకే తింటాం. మామిడి కొత్త కాకుండా మామిడిపండు ముట్టం. ముందు ఊరి దేవతకి, తరవాత ఊళ్లో అందరికీ, ఆ తరవాతే మన నోటికి. కానీ యాపిల్‌కి కొత్త ఉందా? ఆ అనుమానం తీర్చుకోవడానికి ఆమె నాకు ఫోను చేసింది. నేను చెప్పలేక, సంతరోజు కిందికి దిగిన మా బావకి చెప్పాను. ఆయన ఊరెళ్లి దిశారిని అడిగాడు. పండగలకి మంచిరోజు చూసి చెప్పేది ఆయనే. "ఎక్కడ కాసినా కొత్త కొత్తే. మన దేవతకి ఆ కాయతో పని నేదు. అక్కడ ఆళ్ల దేవత ఎవరో కనుక్కోమను" అన్నాడట. మా సంత వారానికొకసారి. ఈ జవాబు పోలండ్ చేరేసరికి బుట్టలో యాపిల్స్ కొన్ని ముడతలు పడ్డాయి. ఆమె మాత్రం తినకుండా ఆగింది. మళ్లీ రైలెక్కి ఆ తోటకే వెళ్లి, ఆ ముసలి రైతుని మీ ఊరి దేవత ఎవరని అడిగింది. ఆయన విచిత్రంగా చూసి, రోడ్డు మలుపులో చిన్న గూడులాంటి దాంట్లో ఉన్న మేరీమాత బొమ్మ చూపించాడట. ముందు అక్కడ రెండు పళ్లు పెట్టి, ముసలాయనకి ఒకటిచ్చి, మిగతావి ముక్కలు కోసి హాస్టల్లో ఆ అంతస్తు మొత్తానికీ పంచి, అప్పుడు తింది.

ఎండాకాలం వచ్చేసరికి టర్కీ అమ్మాయి ఫ్రిజ్‌లో స్ట్రాబెర్రీల డబ్బా పెట్టి, తలుపు మీద చీటీ అంటించిందట: "కొత్త కాలేదు. ఎవరూ ముట్టుకోవద్దు."

అక్కడంతా సంతోషమేనని నేను అనను. నవంబరు నుంచి మధ్యాన్నం మూడున్నరకే చీకటి పడేది. అప్పుడు ఆమె ఫోన్లో తక్కువ మాట్లాడేది, మా అక్క వండిన కూరేంటని మాత్రం అడిగేది. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా కొందరు నిలబడేవారట. ఇండియా అనగానే తాజ్‌మహల్ గురించి అడిగేవాళ్లకి, "తాజ్‌మహల్ నేను చూడలేదు, మీ వార్సా చూశాను" అని చెప్పేదాన్నని ఒకసారి నాతో అంది. ఒక సాయంత్రం అక్కడి సభలో గిరిజన నృత్యం చెయ్యమన్నారు. థింసా ఒక్కదాన్నే ఆడితే థింసా అవదని, ముందు వరసలో కూర్చున్న ప్రొఫెసర్లతో సహా అందరినీ లేపి, ఒకరి వెనక ఒకరు చేతులు వేయించి, హాలంతా వంకర గొలుసులా తిప్పింది. ఇక్కడ రిసార్టు పచ్చిక మీద మీరు కుర్చీల్లో కూర్చుని, మా ఆడవాళ్లు ఆడుతుంటే చూశారు చూడండి, అదే థింసా. మీలో ఎవరైనా లేచారా?

సెలవొస్తే చాలు, తిరిగేది. చవక బస్సులు, ఎనిమిది మంచాల గదులు, సంచిలో అటుకులు. రాత్రి ఒక దేశంలో బస్సెక్కి నిద్రపోతే పొద్దున్న ఇంకో దేశం. "సరిహద్దు ఎప్పుడు దాటామో నాకే తెలీదు మావా. ఎవుడూ లేపనేదు, ఏటీ అడగనేదు" అంది ఒకసారి. అంత తిరగడానికి నీకు తెలివి ఎక్కడిదే అని నేను ఆటపట్టిస్తే, ఆమె అన్న మాట ఇప్పుడు నన్ను పడుకోనివ్వడం లేదు.

"తిరగడానికి తెలివి అక్కర్నేదు మావా. దారుంటే సాలు."

తిరిగొచ్చాక పేపర్లో ఫొటో పడింది. మంచులో నిలబడ్డ ఫొటో. మీరు దాన్ని అందరికీ పంపుకున్నారు, కొండకోనల్లో విరిసిన కుసుమం అన్నారు. మండల కేంద్రంలో సభ పెట్టి శాలువా కప్పారు. మాట్లాడమంటే మైకు దగ్గరికెళ్లి, మా ఊరి దారిలో గెడ్డ మీద వంతెన కావాలని చెప్పింది. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, "సెప్పట్లు కాదండీ, వంతెన ఎప్పుడో సెప్పండి" అంది. వేదిక మీదున్న పెద్దమనిషి నవ్వుతూ మైకు తీసుకుని, ఈ అమ్మాయి చురుకుదనం చూశారా అన్నాడు. మళ్లీ చప్పట్లు. తరవాత ఇద్దరు మనుషులు టేపు పట్టుకొచ్చి, గెడ్డలో రెండు బండరాళ్ల మీద ఎర్ర రంగు గీతలు గీసి వెళ్లారు. గీతలు బాగానే ఉన్నాయి. మంచి రంగు వాడారు.

చదువు ముగించి ఆమె ఈ ఏడు ఊళ్లోనే ఉంది, కాఫీ తోట పనిలో తల్లికి సాయంగా. సాయంత్రాలు ఊరి ఆడపిల్లల్ని బడి వసారాలో పోగేసేది. నేల మీద సుద్దముక్కతో పెద్ద విమానాశ్రయం గీసి, ఇక్కడ సంచి పెట్టాలి, ఇక్కడ చెప్పులు విప్పాలి, ఇక్కడ భయపడకూడదు అని నడిపించేది. పిల్లలు అన్నం క్యారేజీలు సూట్‌కేసుల్లా ఈడ్చుకుంటూ వరసలో నిలబడేవారు. ఒకరోజు నేనూ చూశాను. మధ్యలోంచి ఊరి కుక్క నింపాదిగా నడిచిపోతే, "దానికి వీసా ఉంది, ఒగ్గేయండి" అంది.

జ్వరం ఆ ఆగస్టు వానల్లోనే వచ్చింది. ఊళ్లో మాత్రలు అయిపోయాయి. గెడ్డ పొంగి రెండు రోజులుగా ఎవరూ దిగలేదు. మూడో నాటి తెల్లవారుజామున ఆమె మాట తడబడింది, తల్లిని పోల్చుకోలేదు. అది మెదడుకెక్కే మలేరియా అని కొండ మీద ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ ఉదయం జరిగింది మా బావ నోటా, రిసార్టు వాచ్‌మేన్ నోటా విని రాస్తున్నాను.

దుప్పటిని కర్రకి కట్టి డోలీ చేశారు. మామూలుగా దాటే రాళ్లు నీటి కింద ఉన్నాయి, ఎర్ర గీతలతో సహా. అందుకని గెడ్డ వెంట ఎగువకి మోసుకెళ్లారు, రిసార్టు వంతెన దగ్గరికి. ముందే పరుగెత్తుకెళ్లిన కుర్రాడు గేటు దగ్గర కేకేస్తే వాచ్‌మేన్ ఫోను చేశాడు, అవతలి ఒడ్డున అంబులెన్సు వచ్చి ఆగి ఉంది. లైటు తిరగడం ఇటువాళ్లకి కనిపిస్తూనే ఉందట. గేటుకి తాళం.

వాచ్‌మేన్ పాచిపెంట వైపు మనిషి. తాళం చెవి అతని జేబులోనే ఉంది. అతిథులు ఉన్నప్పుడు ఊరివాళ్లకి గేటు తీస్తే ఉద్యోగం పోతుందని అంతకుముందే రెండుసార్లు హెచ్చరించారు.

"మేనేజరు బాబుని అడగాల. నా సేతుల్లో నేదు" అన్నాడట.

"గుంట ఊపిరి సూడు" అన్నాడు మా బావ. "నీకూ గుంటలున్నారు కదా."

అతను డోలీలోకి తొంగి చూసి, వంతెన మీద పరుగెత్తుకెళ్లాడు. మేనేజరు నిద్ర లేవలేదు. తలుపు కొట్టాడు, లేవలేదు. మళ్లీ కొట్టాడు. ఎంతసేపని నన్ను అడగొద్దు, డోలీ దించకుండా వానలో భుజాలు మార్చుకుంటూ నిలబడ్డవాళ్లకి కాలం వేరేగా నడుస్తుంది. చివరికి ఎవరినీ లేపకుండానే తిరిగొచ్చి గేటు తీశాడు. డోలీ ముందు కర్ర తనే అందుకుని వంతెన దాటించాడు. ఆమె ఘాట్ రోడ్డు దిగకముందే పోయింది. కాస్త ముందు తెచ్చుంటే అన్నాడు డాక్టరు. తప్పు ఆయనది కాదు. ఈ కొండల్లో పనిచేసే ప్రతి డాక్టరూ ఆ మాట అనక తప్పడం లేదు.

తరవాతి వారం వాచ్‌మేన్‌ని తీసేశారు. అతిథుల భద్రత అని కారణం చెప్పారు. అతిథులంటే మీరే.

పదిరోజులకి టర్కీ అమ్మాయి ఫోను చేసింది. నా ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆమెదీ అంతే. ఎలా పోయిందని అడిగింది. జ్వరం అన్నాను. ఆస్పత్రి ఎంత దూరం అంది. చెప్పాను. దూరం కాదే అంది. మధ్యలో నది ఉందన్నాను. ఎంత వెడల్పు అంది. నది కాదమ్మా, గెడ్డ, మీ వంటగదీ హాస్టలు వసారా కలిపితే ఎంతో అంత ఉంటుందన్నాను. వంతెన లేదా అంది. ఉందన్నాను. మరి ఎందుకు, అని అడిగింది. ఇన్నేళ్లుగా పత్రికల్లో వ్యాసాలు రాస్తున్నవాణ్ణి, ఆ పిల్ల అడిగిన ఎందుకుకి గేటు ఉంది, గేటుకి తాళం ఉంది అని మాత్రం చెప్పాను. ఆమె ఏడ్చింది. వాళ్లమ్మ కాబోలు, పక్కన ఎవరో ఏమైందని అడగడం, ఆమె తన భాషలో చెప్పడం, వాళ్లు కూడా అదే ప్రశ్న వేయడం వినిపించాయి. మాటలు తెలియకపోయినా ఆ ప్రశ్న తెలుస్తుంది.

మీరిప్పుడు అయ్యో అంటారని తెలుసు. ఈ వ్యాసానికి కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. వద్దు. మీ అయ్యోలు మా అక్కకి అందవు, ఊళ్లో సిగ్నలు లేదు. చేతనైతే ఇవి చేయండి, చేయించండి.

రిసార్టు వంతెన గేటుకి తాళం తీసేయాలి. పగలూ రాత్రీ, సీజన్లో కూడా.

వాచ్‌మేన్‌కి ఉద్యోగం తిరిగి ఇవ్వాలి. ఆలస్యంగానైనా తాళం తీసింది అక్కడ అతనొక్కడే.

వానలు మొదలయ్యే ముందే మలేరియా పరీక్షలూ మందులూ ఊళ్లోకి చేరాలి. దోమల మందు ప్రతి ఇంట్లో కొట్టాలి, ఫొటో కోసం కొట్టే ఒక్క ఇంట్లో మాత్రమే కాదు.

అరకులో గది తీసుకునే ముందు మీరు ఫోను చేసి, గేటు తీసి ఉందా అని అడగాలి. లేదంటే రావద్దు.

ఊరి దారిలోనే, జనం రాళ్ల మీద దాటే చోటే, అంబులెన్సు పట్టే వంతెన కట్టాలి. వచ్చే వానలకి ముందు.

ఆ వంతెనకి మా మేనకోడలి పేరు పెట్టొద్దు. పేరు పెడితే శిలాఫలకం కావాలి. ఫలకానికి పెద్దమనిషి కావాలి. పెద్దమనిషికి తేదీ కుదరాలి. ఆ తేదీ కుదిరేలోగా మళ్లీ వానలొస్తాయి.