గండిలో రాయి చప్పుడు

ఆ వేసవిలో మా కర్మాగారానికి గురువారం పవర్ హాలిడే. పిల్లల బడికి సెలవు ఆదివారం కావడంతో నాకు దొరికిన సెలవు ఇంట్లో ఎవరికీ పనికివచ్చేది కాదు. అలాంటి ఒక గురువారం మా ప్రెస్ ఆపరేటరు నన్ను సంగారెడ్డి అవతల కొండాపూర్ వైపున్న తన ఊరికి రమ్మన్నాడు.

"మా గండి సూడలే నువ్వు. పట్నమోళ్ళకు గింత దగ్గర ఉన్నదని తెల్వనే తెల్వదు. రా సారు, జెర గాలి తగుల్తది."

అతను నాకంటే పదేళ్ళు పెద్ద. రేకును అదిమి ఆకారం తెచ్చే ప్రెస్సు ముందు పద్నాలుగేళ్ళుగా నిలబడి పనిచేస్తున్నాడు, మోకాళ్ళు అరిగిపోయాయి. అప్పుడే క్రేను నడిపే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. అది కూర్చుని చేసే పని. షిఫ్టు ఇంజినీరుగా అతని సిఫారసు కాగితం నింపింది నేనే. కింద నుంచి ఊదే ఈల వినగలడా అని అందులో ఒక గడి ఉంది. మిల్లీమీటరులో వందో వంతు తేడా వస్తే ముక్కను పక్కన పడేసే నేను, ఏ పరీక్షా లేకుండా అక్కడ టిక్కు పెట్టాను. కాగితం నా సొరుగులో ఉంది. శనివారం పైకి పంపాలి.

పటాన్‌చెరులో బస్సెక్కి సంగారెడ్డిలో మారాను. వారమంతా సెకండ్ షిఫ్టు చేసిన ఒళ్ళు. కిటికీకి తల ఆనిస్తే ప్రెస్సు దెబ్బ ఇంకా పుర్రెలో పడుతూనే ఉంది.

అతని భార్య జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది.

"సారూ, ఫ్యాక్టరీల మీరు చెప్తె ఇంటడా ఈయన?"

"వింటాడమ్మా. సగం చెప్పేలోపే అందుకుంటాడు."

"మరి నేనేం పాపం చేసిన? పదిసార్లు పిలిస్తె ఒక్కసారి పలుకుడు. క్రేనెక్కినంక ఇగ మొగులు మీదికెల్లి నన్నేం సూస్తడు!"

నేను నవ్వాను. అతను రొట్టె తుంచుతూ తల ఎత్తలేదు.

చేల గట్ల మీద అరగంట నడిచాం. ఎక్కడా ఎత్తుపల్లం లేని నేల ఉన్నట్టుండి కాళ్ళ ముందు ఆగిపోయింది. వాగు కోసిన గండి అది. పైన నిలువునా ఎర్రమొరం, దాని కింద పొరలుగా నల్లరాయి. అడుగున వాగు ఎండి ఇసుక తెల్లగా కనిపిస్తోంది, మా కింద గోడ మొదట్లోని బండలు మాత్రం అంచు చాటున ఉన్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. ప్రెస్సుల మోత మధ్య షాపులో మేం మాట్లాడుకునేది చేతులతోనూ పెదవులతోనూ. పిడికిలి బిగిస్తే ఆపు, చూపుడువేలు తిప్పితే నడుపు. అంత నిశ్శబ్దంలో ఎలా నిలబడాలో నాకు తోచలేదు.

అలవాటు కొద్దీ లోతు తెలుసుకోవాలనిపించింది. అంచున కూర్చుని, ఒక రాయి పిడికిట పట్టి వదిలి గడియారం చూశాను. రెండు సెకన్లకు చప్పుడైంది, ఎదుటి గోడకు తగిలి మళ్ళీ వినిపించింది. సుమారు ఇరవై మీటర్లు. అతను మెడ చాచి కిందికి చూస్తూనే ఉన్నాడు.

కాసేపటికి, "ఇంకా పడలే, సారు?" అన్నాడు.

తమాషా చేస్తున్నాడనుకున్నాను. ఇంకా పెద్ద రాయి వదిలాను. చప్పుడు గండి అంతా తిరిగింది. అతను నా ముఖం చూశాడు, ఏదైనా తెలుస్తుందేమోనని. నేను లేచి అతని వెనక్కి వెళ్ళి, "అన్నా" అని పిలిచాను. మూడుసార్లు పిలిచాను. అతని భుజం కదలలేదు.

అతనికి కనిపించేలా పక్కకు వచ్చి అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి?"

నా పెదవులు చూశాడు.

"మూడు నాలుగేండ్ల సంది. షాపుల పరేషాన్ లేదు, ఆడ ఎవ్వరికీ ఇనబడదాయె. ఇంటిదానికి కూడ చెప్పలే. నువ్వు టిక్కు పెట్టినవ్ గద, గట్లనే ఉండనీ సారు. నా మోకాళ్ళు సూడు."

"క్రేను కింద మనుషులుంటారన్నా. ఈల ఊదితే ఆపాలి."

"సూస్త గద. కండ్లున్నయ్ నాకు."

బస్సు దాకా వచ్చి సాగనంపాడు. నాకు కోపం కూడా రాలేదు, నిద్ర వచ్చింది.

శనివారం ఆ టిక్కును గీత గీసి కొట్టేసి పక్కన సంతకం చేశాను. స్టోర్సులో కూర్చునే పని ఇవ్వమని వేరే కాగితం రాసి దానికి జతచేశాను. ఆ రెండో కాగితానికి జవాబు ఎప్పుడూ రాలేదు.

ఆ శనివారమే షాపులోకి వెళ్ళేసరికి అతను ప్రెస్సు ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి పిడికిలి ముందుకు చాచి, గండి అంచున నేను రాయి వదిలినట్టు వేళ్ళు కిందికి విప్పాడు. కనుబొమలెత్తి అడిగాడు, పడిందా అని.

అడిగేది కాగితం గురించేనని తెలిసి తల ఊపాను.

ఒక మోకాలి నుంచి ఇంకో మోకాలికి బరువు మార్చుకుని, తర్వాతి రేకు అందుకున్నాడు.