చెంబు పట్టుకొని ఉరికిన లెక్కల సారు

ఆ రోజుల్లో నేను మిర్యాలగూడ నుంచి వాడపల్లి దాకా ఉరికి, మూసీ కృష్ణలో కలిసే చోట మొహం కడుక్కొని, మొదటి గంట కొట్టేలోపు బడికి వచ్చేవాణ్ణి. దారిలో లారీలను దాటేవాణ్ణి. మనవలకు ఇలాగే చెప్పాను, నమ్మారు. మీరు పెద్దవాళ్లు గనుక తగ్గించి చెబుతాను. కాలువ వంతెన దాకా ఉరికి, కాసేపు రొప్పి, తిరిగి వచ్చేవాణ్ణి. దాటింది ఒకే ఒక్క లారీని. అది పంక్చరై ఆగి ఉంది.

అరవైల చివరి మాట. సాగర్ ఎడమ కాలువ నీళ్లు మా వైపు కొత్తగా పారుతున్నాయి. నేను లెక్కల సారును, అదీ టెంపరరీ. కుర్చీలో కూర్చుంటే పాఠం ఎలా చెప్పాలో నాకెప్పుడూ తోచలేదు. కాళ్లు కదిలితేనే బుర్ర కదిలేది. ఒకనాడు ఉరుకుతూ కల్వర్టు మీద ఆగాను. దాటి వచ్చిన కరెంటు స్తంభాలు ఒకవైపు, దాటవలసినవి ఇంకోవైపు, నేను నిలబడ్డది సున్నా. ఆ రోజే పిల్లల్ని గ్రౌండులో వరుసగా నిలబెట్టి ఋణ సంఖ్యలు చెప్పాను. అన్నాళ్లూ నల్లబల్ల మీద ఎక్కనిది ఒక్క పూటలో ఎక్కింది.

అయితే మా వైపు పెద్దమనిషి ఉరకడు. ఉరికాడంటే ఎవరో పోయినట్టు, లేదా ఎక్కడో గడ్డివాము అంటుకున్నట్టు. రోజూ ఎవరో ఒకరు "ఎవలు పోయిండ్రు సారూ?" అని అడిగేవారు. నేను చేయి ఊపి సాగిపోయేవాణ్ణి. ఆ చేయి ఊపడమే కొంప ముంచింది.

బస్టాండు పక్కన ధాన్యం సేటు దుకాణం. అతని తండ్రి సూర్యాపేట దవాఖానలో ఉన్నాడు. ఏ కబురైనా పొద్దటి బస్సులోనే రావాలి. సరిగ్గా ఆ బస్సు వచ్చి ఆగిన వేళకు, నేను బస్టాండు వైపు నుంచి ఉరికి వస్తున్నాను.

"సారూ, ఏమైంది?" అని కేకేశాడు సేటు.

రొప్పుతో మాట రాలేదు. ఏమీ లేదన్నట్టు చేయి అడ్డంగా ఊపి మలుపు తిరిగాను. ఇంకేమీ మిగల్లేదని చెప్పానని సేటు అనుకున్నాడు. నేను తిరిగి వచ్చేసరికి దుకాణానికి తాళం. శోకాలు పెడుతూ ఇంటిల్లిపాదీ జీపెక్కి సూర్యాపేట పోయారు. అక్కడ ముసలాయన మంచం మీద కూర్చొని ఇడ్లీ తింటున్నాడట. వీళ్లను చూసి, "ఏందిరా, నేను పొయ్యేదాంక గూడ ఆగరా?" అన్నాడట.

ఆ రోజు ఊరు ఊరంతా జీపుల్లో కదిలిందని చెప్పడం నాకు అలవాటు. కదిలింది ఒక్క జీపే. కానీ ఆ సేటు బడి కమిటీలో పెద్ద.

మా హెడ్మాస్టరుది కోదాడ వైపు. గదిలోకి పిలిచి, "నిక్కరేసుకుని రోడ్డు మీద ఆ పరుగులేంటండీ మాస్టారూ? మళ్లీ ఉరికారో, మీ ఉద్యోగం నేను కాపాడలేను," అన్నాడు.

"ఉరకకపోతే నాకు పాఠం తోచదు సార్."

"తోచకపోతే పుస్తకం చూసి చెప్పండి."

పుస్తకం చూసే చెప్పాను. భిన్నాలు. రొట్టె బొమ్మ గీసి ముక్కలు చేశాను. మా పిల్లల ఇళ్లలో జొన్నరొట్టెను తుంచుకొని తింటారు గానీ కొలిచి కోయరు. వెనక బెంచీలో ఒక అమ్మాయి ఉండేది, కాలువ చివరి భూముల రైతు కూతురు. "సారూ, మల్ల గ్రౌండుకు ఎప్పుడు తోల్కపోతరు?" అంది. సుద్దముక్క వెతుక్కున్నాను. నౌకరి నిలవాలంటే ఉరకకూడదు. ఉరకకపోతే ఆ నౌకరి నాకు చేతకాదు.

ఒక తెల్లవారుజామున వాకిట్లో నిలబడి దిగులుగా రోడ్డు చూస్తున్నాను. ఒకాయన చెంబు పట్టుకొని పొలాల వైపు ఉరుకుతూ పోయాడు. ఎవరు పోయారని ఎవరూ అడగలేదు. పైగా దారి ఇచ్చారు.

మర్నాడు పంచె ఎగగట్టి, నిండు చెంబుతో సేటు దుకాణం ముందు నుంచే ఉరికాను. సేటు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఒక ముసలమ్మ, "పాపం, ఆగేటట్టు లేడు, జరుగుండ్రి," అంది.

వంతెన చేరేసరికి నీళ్లు తొణికి చెంబులో సగమే మిగిలాయి. కింద కాలువ నిండుగా పోతోంది. చివరి పొలాలకు చేరేది మాత్రం ఎప్పుడూ కాస్త తడే. పాఠం అక్కడే దొరికింది.

క్లాసులో చెంబు నింపి మొదటి బెంచీకి ఇచ్చాను. ప్రతి బెంచీ ఉన్నదాంట్లో సగం తన బకెట్లో పోసుకొని మిగిలింది వెనక బెంచీకి ఇవ్వాలి. సగం, సగంలో సగం, అందులో సగం. నాలుగు బెంచీలు దాటి చెంబు ఆ అమ్మాయికి చేరింది. వంచి చూసింది.

"ఇగ మా పొలానికేం మిగిలింది సారూ?"

"నువ్వే చెప్పు."

నల్లబల్ల దగ్గరికి వచ్చి పదహారో వంతు అని రాసింది. రాసి, ముందు బెంచీల వైపు తిరిగింది. "మీరు జర తక్కువ తీసుకుంటే ఏం పోతుండె?" ఇక గోల మొదలైంది. ఆ గోలకు హెడ్మాస్టరు వచ్చాడు. నేల తడి చూశాడు, చెంబు చూశాడు.

"పొద్దున్న రోడ్డు మీద ఉరికింది ఈ చెంబుతోనేనా?"

"అవును సార్." నౌకరి పోయిందనుకున్నాను.

ఆయన బల్ల మీది లెక్కను చాలాసేపు చూశాడు. ఆయన పొలమూ కాలువ చివరే ఉందని నాకు తర్వాత తెలిసింది. "ముందువాళ్లు మూడో వంతే తీసుకుంటే నీకెంత వస్తుందమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాడు. పిల్లలంతా లెక్కలో పడ్డాక నా వైపు తిరిగి, "చెంబు పట్టుకొని పోయేవాణ్ణి ఏ కమిటీ ఆపుతుందిలెండి," అన్నాడు.

క్లాసు మొత్తానికి ఆ లెక్క వచ్చిందని రాద్దామనుకున్నాను. సగం మందికి వచ్చింది.

సేటుకు సంగతి హెడ్మాస్టరే చెప్పాడట. మరుసటి పొద్దున దుకాణం ముందు నన్ను ఆపి, "ఉరుకుండ్రి సారూ, మీ ఇష్టం. కాని చెయ్యి ఊపకుండ్రి. గా చెంబు ఎత్తి చూపియ్యుండ్రి, నా గుండె నిమ్మలమైతది," అన్నాడు.

అప్పటి నుంచి రోజూ ఆ దుకాణం ముందు చెంబు పైకెత్తేవాణ్ణి. సగం నీళ్లు నా నెత్తి మీదే పడేవి.