అరణంగా వచ్చిన పొట్టి

మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. ఏదో దేశంలో ఒకావిడ మోకాలెత్తు పందిని సోఫా మీద కూర్చోబెట్టుకొని చెవి వెనక గోకుతుంటే అది కళ్లు మూసుకొని ఒరిగిపోతున్నది. ఆ జాతి లోకంలో చాలా తక్కువ మిగిలిందట, దాన్ని కాపాడటానికి సంఘాలు కూడా ఉన్నాయట. నాకు ఒళ్లు మండింది. అటువంటిదే మా కోరుట్ల ఇంట్లో ఉన్నప్పుడు కాపాడటానికి ఏ సంఘమూ రాలేదు, మాకు ఎదురైన సంఘాలన్నీ రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవే.

మాది పందులు పెంచే కుటుంబం. మా అత్త పుట్టినిల్లు కొడిమ్యాల, వాళ్లింట్లో పొట్టి పందులని ఒక రకం ఉండేవి, నల్లగా, గుండ్రంగా, కురచ మూతితో, మనిషి కనబడితే చాలు వచ్చి కాళ్ల మీద పడుకునేవి. వాటిని అమ్మరు, కోయరు. ఆడపిల్ల అత్తవారింటికి పోతుంటే ఒక పిల్లను అరణంగా వెంట పంపుతారు, అంతే. అట్లా ఆ జాతి మా చుట్టాల ఇండ్లు దాటలేదు, చివరికి మా ఇంట్లో ఒక ఆడది, సిరిసిల్లలో మా అత్త చెల్లెలింట్లో ఒక ముసలి పోతు తప్ప ఏమీ మిగలలేదు. నా బిడ్డ పెండ్లికి ఆ జాతి పిల్లనే అరణం ఇవ్వాలని మా అత్త పట్టు. ఊళ్లోని పోతులు దగ్గరికి రాకుండా పొట్టికి ఆమే కాపలా, మేము దాన్ని పిలిచే పేరు కూడా పొట్టే.

అది ఎదకు వచ్చింది ఎప్పుడనుకున్నారు? తెలంగాణ కోసం అందరూ సమ్మెకు దిగి, బస్సు డిపో దాటని రోజుల్లో. మా ఆయన దుబాయిలో ఉన్నాడు. ఎద రెండు రోజులకు మించి ఉండదు కనుక, నేను చుడుతున్న బీడీల చాట పక్కన పెట్టి, ఒక ట్రాలీ ఆటో అతన్ని బతిమాలి, నేనూ అత్తా పొట్టీ సిరిసిల్లకు బయలుదేరాం.

జగిత్యాల పొలిమేరలో సమ్మెకు దిగిన వకీళ్లు రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. నేను దారి ఇమ్మని అడుగుతుండగానే ఆ మహాతల్లి పొట్టి ఆటో దిగి నేరుగా పోయి వకీళ్ల నడుమ వెల్లకిలా పడుకొని పొట్ట చూపించింది. ఇంక చూడండి, ఒకాయన గోకుతాడు, ఒకాయన పులిహోర పెడతాడు, మరొకాయన జై తెలంగాణ అని రాసి ఉన్న కండువా తీసి దాని మెడలో వేశాడు.

"గీమె మన మనిషే అక్కా, పొద్దుగూకే దాక గీమెను పోనియ్యం" అన్నాడు.

అంతమంది మగవాళ్ల ముందు ఎద సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. అత్తతో చెప్పిద్దామని చూస్తే ఆమె అప్పటికే కొంగు నడుముకు చుట్టి వాళ్ల అన్నం కలుపుతున్నది. చెవి దగ్గరికి పోయి నడువుమని గొణిగితే చెయ్యి కూడా ఆపలేదు.

"ఎద మల్ల అస్తది, తెలంగాణ మల్ల మల్ల అస్తదా? జర ఆగరాదే."

అక్కడ సాయంత్రమైంది, వేములవాడలో మళ్లీ ఆపారు, మర్నాడు పొద్దెక్కాక గానీ సిరిసిల్ల చేరలేదు. దారి పొడుగునా కనబడ్డ ప్రతి మనిషికీ పొట్ట చూపించిన పొట్టి, ఆ ముసలి పోతు ఆశగా దగ్గరికి రాగానే పళ్లు కొరికి మూల దాకా తరిమింది. ఎద పోయింది. చిన్నత్త నవ్వలేక కూలబడింది, నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మూడు వారాలకు మళ్లీ ఎదకు వస్తుంది కదా అని దాన్ని అక్కడే విడిచి వచ్చాం. ఆ గడువు నిండకముందే, ముసురుకు తట్టుకోలేక పోతు చచ్చిపోయిందని చిన్నత్త ఫోను చేసింది. పొట్టిని మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాం. మా అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు. జగిత్యాలలో నీ వల్లే ఆగామని ఆమెను అనాలని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు మా అత్త వాడకట్టంతా తిరిగి చక్కెర పంచింది, పొట్టి ఆమె వెనకే తిరిగి, దొరికిన వాళ్ల కాళ్ల మీదల్లా పడుకున్నది. తర్వాతి చలికాలంలో పొట్టి పోయింది, కొన్నాళ్లకు అత్తా పోయింది. నా బిడ్డ పెండ్లికి అరణంగా ఫ్రిజ్ ఇచ్చాం.

ఇప్పుడు కోరుట్లలో బండెక్కితే ఎవరూ ఆపకుండా సిరిసిల్లలో దిగవచ్చు. ఒక్క పూట కోసం అంతమందిని బతిమాలిన దారి, ఈనాడు అడగకుండానే దొరుకుతున్నది. దొరికి ఏం చేసుకోను, అటు పోతు లేదు, ఇటు తీసుకుపోవడానికి పొట్టీ లేదు.